భయపడే పని

మా ఇంట్లో బాత్రూం తలుపుకు గడియ ఉంది, నేను వెయ్యను. తలుపు దగ్గరగా లాగి, దానికి నీళ్ళ బకెట్టు ఆనించి పెట్టుకుంటాను. బయట అలికిడి వినిపిస్తే దగ్గుతాను. ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చిపోయే చుట్టాలందరికీ ఈ దగ్గు అలవాటే. నాకూ అలవాటైపోయి, ఇదొక వింత అని ఎప్పుడూ తోచలేదు. వేసవి సెలవులకొచ్చిన మా తమ్ముడి కూతురు అడిగింది: “గడియ ఇరుక్కుంటే ఏమైతాది అత్తా? మేమంతా ఉండాం గదా, తీస్తాం.” నిజమే. ఇంటినిండా మనుషులు. తలుపు మా నాయన పెట్టించినది, చెక్క పుచ్చి నాలుగు గుద్దులకు ఊడొచ్చేట్టుంది. పైన వెంటిలేటరు ఉంది. ఏ లెక్కన చూసినా ఆ గదిలో నాకొచ్చే ముప్పు లేదు. మరి ఇన్నేళ్ళుగా నేను దేనికి దగ్గుతున్నట్టు? పిల్లకు ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ, తువ్వాలు భుజాన వేసుకుని అటు నడిచినప్పుడల్లా ఆ ప్రశ్న ఎదురొస్తూనే ఉంది.

ఆ సెలవుల్లోనే పిల్లలు గండికోట చూపించమని పట్టుబట్టారు. పోయేది ఎటూ పోతున్నాం, అక్కణ్ణించి 60 కిలోమీటర్లు పోతే బెలూం గుహలు కూడా చూసి రావచ్చని మా తమ్ముడు కలిపాడు. గుహలన్న మాట వినగానే నా కడుపులో ఏదో కదిలింది. పైకి మాత్రం నీళ్ళ సీసాలు సర్దుతూ కూర్చున్నాను.

గండికోట సాయంత్రం బాగుంటుంది. ఎర్రటి బండలు ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టు ఉంటాయి. కింద మైలవరం ఆనకట్ట నిలిపిన పెన్న నీళ్ళు, ఎండ వాలేకొద్దీ ఆకుపచ్చలోంచి నలుపులోకి దిగుతుంటాయి. మేం నిలబడ్డ చోట కంచె లేదు, గొలుసూ లేదు. బండ అంచున ఒక కుర్రాడు కాళ్ళు లోయలోకి వేలాడేసి కూర్చుని ఫోనులో ఎవరికో లోయ చూపిస్తున్నాడు. ఇంకొకడు అతని భుజం మీద చెయ్యి వేసి ఫొటో కోసం వెనక్కి వాలాడు. పక్కనే ఒక కుటుంబం పొట్లం విప్పుకుని మిరపకాయ బజ్జీలు తింటోంది. నేనూ పోయి, కాస్త ఇవతలగా, ఒక బండ మీద కూర్చున్నాను. గాలి కొంగు లాగుతుంటే హాయిగా అనిపించింది. కింద 300 అడుగుల లోతు. ఒక్క చెప్పు జారితే చాలు. అయినా నా గుండె ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఈ కోటకొచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే, ఎక్కే దారిని చూసి బెదిరాడు. కొండను చెక్కి వేసిన సన్నటి దారి, పక్కనే ఘోరమైన అగాధం, దాని అడుగున నది అని రాసిపెట్టాడు. సముద్రాలూ ఎడారులూ దాటుకుంటూ వచ్చిన మనిషి ఆయన. ఆయనకు కనిపించిన అగాధం మాకు ఎందుకు కనిపించలేదు? అక్కడే ఉంది, జరగలేదు. మేమే బజ్జీలు పట్టుకుని దాని పక్కన కూర్చున్నాం.

బెలూం దగ్గర మొదట కంటబడేది గుహ కాదు, చేను. జమ్మలమడుగు దాటి కొలిమిగుండ్ల దారి పట్టాక రెండుపక్కలా నాపరాళ్ళ గనులు, పాలిష్ బండల పేర్పులు, తెల్లదుమ్ము కప్పుకున్న తుమ్మచెట్లు. మా ఇంట్లో నేను ఉత్తకాళ్ళతో నడిచే నేలా ఈ జాతి రాయే. సున్నపురాయి. ఆ గనులన్నీ దాటాక చదునైన నేల, ఒక పెద్ద బుద్ధ విగ్రహం, నేలలోకి కుంగినట్టున్న గుంతలు. అందులో ఒకదానిలోంచి దిగాలి. కొండలో గుహ అయితే మనిషి నడుచుకుంటూ లోపలికి పోతాడు, ఇష్టం లేకపోతే నడుచుకుంటూ వెనక్కొస్తాడు. ఇక్కడ దిగడమే. మా అమ్మ గుంత అంచుదాకా వచ్చి, మెట్లు చూసి, “మోకాళ్ళు ఒప్పుకోవు, మీరు పోయి రాండి, నేనీడ కూచుంటా” అంది. చెప్పులు విడిచి నీడన కూర్చుని చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది. నాకంటూ అలాంటి మోకాళ్ళు ఇంకా రాలేదు. దిగాను.

లోపల చల్లగా ఉంటుందని అనుకుంటారు అందరూ. ఉక్క. పైనుంచి గొట్టాల ద్వారా గాలి పంపుతుంటారు. ఆ గాలి తగిలే చోట జనం ఫొటోల నెపంతో ఆగిపోతారు. గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లట. మనల్ని తిప్పేది అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు. మేఘాలయలో ఇంతకంటే పొడవైన గుహలున్నాయి గానీ మైదానంలో, ఇట్లా చేల కింద, మనదేశంలో ఇంత పెద్దది ఇంకొకటి లేదంటారు. గైడు కుర్రాడు టార్చి ఊపుతూ పేర్లు చెప్పుకుంటూ పోతున్నాడు. సింహద్వారం, పిల్లిద్వారం, కోటిలింగాలు, వేయి పడగలు. పైకప్పు నుంచి దిగిన రాళ్ళు నిజంగానే పడగలెత్తిన గుంపులా ఉన్నాయి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. అంతవరకూ బాగానే ఉంది.

పాతాళగంగకు పోయే దారిలో కప్పు కిందికి వచ్చేసింది. నడుము వంచి, ఆపైన మెడ కూడా వంచి, ఒకరి వెనక ఒకరం పోవాలి. నా ముందు ఒక నీలం చొక్కా వీపు, చెమటకు మధ్యలో ముదురు రంగు తేలింది. నా వెనక ఎవరి ఊపిరో నా మెడకు తగులుతోంది. ఎడమ చెయ్యి గోడకు ఆనించాను. తడిగా, నున్నగా ఉంది రాయి. గాజు రాతికి తగిలి గీరుకుంది. అంతలో వరస ఆగింది. ముందు ఎవరో నిలబడ్డారు, ఎందుకో తెలియదు. లైట్లున్నాయి, చీకటి లేదు. పడిపోయేంత ఎత్తూ లేదు. అయినా నా కాళ్ళు వణికాయి, నోరు ఎండింది, చెవుల్లో హోరు. బుర్రలో ఒకే ఒక్క లెక్క తిరుగుతోంది: ఇప్పుడు నేను వెనక్కి తిరగాలంటే ఎంతమంది తిరగాలి? ముందునుంచి గైడు గొంతు వినిపించింది. “నిలబడగాకండి, తల వంచుకోని రాండి, గాలి వస్తాంది, ఏం గాదు.” ఏం కాదన్నది నాకూ తెలుసు. తెలిసిన సంగతి మోకాళ్ళదాకా చేరలేదు, అంతే. ఇంతకీ తెలియడం అంటే ఏ అవయవానికి తెలియడం?

ఆ ఉక్కలో, ఆ తడిరాతి పక్కన, నాకు ఎక్కడిదో వాసన తగిలింది. గుహలో అలాంటి వాసన లేదు, ఉండదు. అది మా తాత పాతర వాసన. నా చిన్నప్పుడు జమ్మలమడుగు వైపు మా అమ్మమ్మ వాళ్ళూళ్ళో ఇంటి ముందర జొన్నల పాతర ఉండేది. గట్టినేలలో తవ్విన గుంత. నోరు మనిషి పట్టేంత, లోపల పొట్ట మాత్రం పెద్దది. గోడల వెంట గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి, బండ, మట్టి. వానాకాలంలోనో ధర వచ్చినప్పుడో తీసేవాళ్ళు. బండ పక్కకు జరిపిన రోజు ఇంటి ముందు ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. పులిసిన వెచ్చటి వాసన ఒకటి గుప్పున లేచేది. పిల్లల్ని దూరంగా తోలేవాళ్ళు. పాతర నోరు తెరిచి గంటలకొద్దీ వదిలేసేవాళ్ళు. వేపమండల కట్టను తాడుకు కట్టి పైకీ కిందికీ ఊపేవాళ్ళు. ఆ తర్వాత తాత లాంతరు వెలిగించి, తాడుతో మెల్లగా కిందికి వదిలేవాడు. అందరూ ఆ వెలుతురు వైపే చూసేవాళ్ళు. ఒకసారి వత్తి సన్నబడి, నీలంగా మారి, ఆరిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. తాత తాడు పైకి లాగి, లాంతరు అరుగు మీద పెట్టి, “రేప్పొద్దున జూద్దాం. దీపం నిలబడనీ, ఆనెక మనిషి సంగతి” అని బీడీ ముట్టించాడు. జొన్నలు కొనడానికొచ్చిన సేటు బండి ఉత్తదే వెనక్కి పోయింది.

ఎందుకారిపోయేదో పెద్దయ్యాక చదువుకున్నాను. గింజ కూడా ఊపిరి పీలుస్తుంది. మూసిన పాతరలో ఉన్న ప్రాణవాయువునంతా నెలల తరబడి తాగేసి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. అది మామూలు గాలికంటే బరువు, అడుగున నిలిచిపోతుంది. చిత్రమేమంటే, బెలూంలో నేను చెయ్యి ఆనించిన ఆ గోడను తొలిచిందీ ఆ వాయువే. వాననీరు మట్టిలోంచి ఇంకేటప్పుడు వేళ్ళూ కుళ్ళిన ఆకులూ వదిలిన అదే వాయువును కలుపుకుని కొంచెం పులుపెక్కుతుంది. ఆ కాస్త పులుపుకు సున్నపురాయి లక్షల ఏళ్ళమీద కరుగుతుంది. సందులు గదులవుతాయి, గదులు గుహలవుతాయి. మా తాత దీపాన్ని ఆర్పిన గాలే నా ముందు వెయ్యి పడగలు విప్పింది. ఈ సంగతి ఆ ఇరుకు దారిలో నాకు గుర్తురాలేదులెండి. అక్కడ నాకు నా పేరే సరిగ్గా గుర్తులేదు.

భయం గురించి నేను చదివినవాటిలో ఒకటి నన్ను వదలదు. అమెరికాలోని అయోవాలో ఒకావిడ మీద పరిశోధకులు ఏళ్ళ తరబడి పరీక్షలు చేశారు. మెదడులో అమిగ్డాలా అనే భాగం రెండువైపులా దెబ్బతినడంతో ఆవిడకు భయం లేదు. పాముల్ని ముట్టుకుంటుంది. మెడమీద కత్తి పెట్టినా బెదరలేదట. అటువంటి ఆవిడకూ, అదే జబ్బున్న ఇంకో ఇద్దరికీ, 35 శాతం బొగ్గుపులుసు వాయువు కలిపిన గాలి ఒక్కసారి పీల్పించారు. ముగ్గురూ హడలెత్తిపోయారు. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పాముకూ కత్తికీ రాని భయం, ఊపిరాడని గాలికి వచ్చింది. అంటే మనిషి లోపల ఇంకా అడుగున, ఇంకా పాతకాలంనాటి లాంతరు ఒకటి ఎవరో వేలాడదీసి పెట్టారన్నమాట. గాలి చెడిందన్న అనుమానం తగిలితే చాలు, అది రెపరెపలాడుతుంది. కొండ అంచుకు అలాంటి లాంతరు లేదా? ఉండే ఉంటుంది. పసిపిల్లలు కూడా ఎత్తైన అంచు చూస్తే వెనక్కి తగ్గుతారంటారు. కాకపోతే కంటితో చూసే భయాన్ని మాటలతో నచ్చజెప్పుకోవచ్చు. అందరూ కూర్చున్నారు గదా, గాలి బాగుంది గదా, ఫొటో బాగొస్తుంది గదా అని. ఊపిరికి ఎవరు నచ్చజెప్తారు?

ఈ వివరణతో నా గడియ లెక్క తేలిపోయిందని నాకు అనిపించడం లేదు. మా బాత్రూంలో గాలికి కొదవలేదు.

వరస కదిలింది. చివరికి పాతాళగంగ దగ్గరకు చేరాం. గుహలో అన్నిటికంటే లోతైన చోటు, 46 మీటర్లు. సన్నటి నీటి పాయ ఎక్కణ్ణుంచో వచ్చి, కాసేపు కనిపించి, రాతి కిందికి మాయమైపోతుంది. పిల్లలు నీళ్ళు నెత్తిన చల్లుకున్నారు. నేను ఒక రాతికి ఆనుకుని, ఈ దారిలో మొట్టమొదట ఎవరు దిగారా అని ఆలోచించాను. లైట్లు లేని రోజుల్లో, గొట్టాల గాలి లేని రోజుల్లో, ముందు ఏముందో చెప్పే గైడు లేని రోజుల్లో. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ గుహ సంగతి రాసిపెట్టాడు. మద్రాసు దగ్గర పల్లావరంలో రాతిగొడ్డలి ఏరి మన చరిత్రను ఎన్నో వేల ఏళ్ళు వెనక్కి జరిపిన మనిషి. ఆయన తర్వాత దాదాపు నూరేళ్ళు ఎవరికీ పట్టలేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకిది చెత్త పారేసే గుంత. 1982, 83ల్లో హెర్బర్ట్ డానియెల్ గెబౌర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి, పాక్కుంటూ, దేక్కుంటూ, కొలుచుకుంటూ పటం గీశాడు. ఇప్పుడు లోపల ఒక హాలుకు ఆయన పేరే పెట్టారు. 1985లో ప్రభుత్వం రక్షిత స్థలమంది. 1999లో పర్యాటక సంస్థ చేతికొచ్చి, 2002లో జనానికి తెరిచారు. వీళ్ళందరికంటే ముందు బౌద్ధ భిక్షువులు ఇక్కడ ఉన్నారనడానికి ఆనవాళ్ళు దొరికాయి. వాళ్ళు నూనె దీపం పట్టుకుని దిగి ఉంటారు, దీపం వైపు చూసుకుంటూనే దిగి ఉంటారు.

నేను పడ్డ భయం వీళ్ళందరూ పడగా మిగిలినదా? టికెట్టు కొనేటప్పుడు మనం కొంటున్నది అదేనేమో. పడాల్సిన భయమంతా ఎవరో ముందే పడి, ఏ మలుపులో తల తగులుతుందో, ఎక్కడ గాలి చాలదో, వాన పెద్దదైతే ఎక్కడికి పోకూడదో తేల్చి పెట్టారు. మనకు మిగిలింది గుండె దడ ఒక్కటే. దాంతో చెయ్యాల్సిన పనేమీ లేదు. మా తాత భయానికి పని ఉంది. తాడు, లాంతరు, వేపమండలు, బేరం వదులుకోవడం. నా భయం, చెయ్యడానికి ఏమీ లేక, గాజుల్ని రాతికి గీరుకుంటూ నిలబడింది. గండికోట అంచున మాత్రం భయపడే పని ఖాళీగా పడి ఉంది, చేసేవాళ్ళు లేరు. ఇట్లా అనుకుంటూనే నాకు అనుమానం. సాహసయాత్రలు చేసేవాళ్ళు దీన్నే భయాన్ని జయించడం అంటారు. నేను దేన్నీ జయించలేదు. వరస కదిలింది, నేనూ కదిలాను. వెనక మనుషులుండబట్టి ముందుకు పోయాను. అది ధైర్యం కింద రాసుకోవచ్చా?

రామాయణం కిష్కింధాకాండలో రెండు బిలాలున్నాయి. సీతను వెతుకుతూ దాహంతో అలసిన వానరులు, తడిసిన రెక్కలతో పక్షులు బయటికి రావడం చూసి, లోపల నీళ్ళున్నాయని ఋక్షబిలంలోకి దిగుతారు. కటిక చీకట్లో ఒకరినొకరు పట్టుకుని నడుస్తారు. హనుమంతుడూ అంగదుడూ జాంబవంతుడూ ఉన్న గుంపు అది, వాళ్ళే చేతులు వదల్లేదు. లోపల స్వయంప్రభ అనే తపస్విని పెట్టిన పళ్ళు తిని తేరుకునేసరికి సుగ్రీవుడిచ్చిన నెల గడువు దాటిపోతుంది. గుహలో కాలం అట్లాగే జారుతుందేమో. 1962లో మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి కుర్రాడు గడియారం లేకుండా ఆల్ప్స్ కొండల గుహలో రెండు నెలలున్నాడు. సెప్టెంబరు 14న పైకి రమ్మంటే, అప్పుడే ఏంటి, ఇంకా ఆగస్టు 20 కదా అనుకున్నాడు.

రెండో బిలం నాకు ఇంకా దగ్గరిది. వాలి మాయావిని తరుముకుంటూ లోపలికి పోతాడు. సుగ్రీవుడు నోటి దగ్గర కాపలా. ఏడాది గడుస్తుంది. నురుగుతో నెత్తురు బయటికి వస్తుంది. అన్న చచ్చిపోయాడనుకుని బండ అడ్డం పెట్టి వెళ్ళిపోతాడు. ఆ కథంతా ఆ బండతోనే మొదలైంది. లోపల వాలి ఏం చేస్తున్నాడో వాలికి తెలుసు. బయట ఉన్నవాడికి ఏమీ తెలియదు, చెవులు మాత్రమే ఉన్నాయి. భాగవతంలోనూ అంతే. శమంతకమణి కోసం కృష్ణుడు జాంబవంతుడి గుహలోకి పోతే, వెంటవచ్చిన ప్రజలు పన్నెండు రోజులు కాచుకుని ఏడుస్తూ ద్వారకకు తిరిగిపోయారు. 2018లో థాయిలాండులో పన్నెండుమంది పిల్లలూ వాళ్ళ కోచూ వరద ముంచిన గుహలో చిక్కుకున్నప్పుడు, వాళ్ళక్కడున్నారని తెలిసింది గుహ మొదట్లో వదిలిపోయిన సైకిళ్ళ వల్ల. బయట తల్లులు వానలో కూర్చుని పద్దెనిమిది రోజులు ఎదురుచూశారు. పిల్లలందరూ బయటపడ్డారు. లోపలికి గాలి సిలిండర్లు మోసి తిరిగొస్తున్న సమన్ గునాన్ అనే డైవరు ఒకాయన బయటపడలేదు.

మేం పైకొచ్చేసరికి అమ్మ నీడనుంచి లేచి గుంత అంచుకు వచ్చి నిలబడి ఉంది. చెప్పులు నీడలోనే ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం బండ మీద ఉత్తకాళ్ళతో. “ఎంతసేపాయ, ఒక్క మాటన్నా ఇనపల్యా” అంది. పిల్లల తలలు తడిమింది. నేను ఏం చూశానో ఆవిడ అడగలేదు.

గైడు మమ్మల్ని కాస్త పక్కకు నిలబెట్టి, పెదాలు కదిలిస్తూ వేలు ఊపుతూ లెక్కపెడుతున్నాడు. మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టాడు. “ఆ నీలం సొక్కాయన యాడ?” అన్నాడు. ఎవరికీ తెలియదు. అంతసేపూ నా ముందున్న వీపు అది, దాన్నెక్కడ వదిలిపెట్టానో నాకూ తెలియదు. కుర్రాడు టార్చి తీసుకుని రెండేసి మెట్లు దిగిపోయాడు. చాలాసేపటికి ఇద్దరూ వచ్చారు. నీలం చొక్కాయన కోటిలింగాల దగ్గర ఫోనులో వీడియో తీసుకుంటూ ఉండిపోయాడట, నవ్వుతున్నాడు. గైడు నవ్వలేదు. మెడలో తువ్వాలుతో మొహం తుడుచుకుంటుంటే, నీకు లోపల ఎప్పుడైనా భయమేసిందా నాయనా అని అడిగాను.

“లోపల ఏముంటాది మేడం, రోజూ పోయే దావే గదా,” అన్నాడు. “పైకొచ్చి తలలు లెక్కబెడ్తే ఒకటి తక్కువొస్తాది సూడు, అప్పుడు రావాల మీరు.” అప్పటికే తర్వాతి గుంపు మెట్ల దగ్గర మూగి ఉంది. అందులో ఒక చంటిపిల్లాడి తండ్రిని ఆపి, బిడ్డను ఎత్తుకోని దిగు అన్నా అని చెప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.